గేటు కాడ జమ్మి

దసరా నాడు డ్యూటీ వేయమని తనంతట తానే అడిగి వేయించుకునే మనిషిని ఏమనాలి? పాశమైలారంలో చంద్రకాంత్ పనిచేసే మందుల కంపెనీలోనైతే సిన్సియర్ అంటారు. బీరంగూడలో అతని ఇంట్లో భార్య శ్రీలత అనే మాట వేరే ఉంది. అది అచ్చులో వేసేది కాదు, వదిలేద్దాం.

చంద్రకాంత్ అక్కడ షిఫ్ట్ ఇన్‌ఛార్జి. మందు ఉడికే రియాక్టర్లకు పండగా పబ్బమూ ఏం తెలుసు? ఒకసారి బ్యాచ్ ఎక్కిందంటే దిగేదాకా పక్కన మనిషి ఉండాల్సిందే. కాబట్టి దసరా నాడు కూడా కొందరు రావాలి. పక్క కంపెనీల్లో ఆ కొందరి కోసం చీటీలు వేస్తారు, బతిమాలుతారు, ఆఖరికి బెదిరిస్తారు. ఇక్కడ ఆ రంధి లేదు. అడగక ముందే చంద్రకాంత్ చెయ్యెత్తుతాడు. అతనితో పాటు కెమిస్టు ఎబెనేజర్ ఎత్తుతాడు. ఎబెనేజర్ లెక్క వేరు, అతనికి క్రిస్మస్‌కు సెలవు కావాలి, దసరాకు వచ్చి ఆ బాకీ తీర్చుకుంటాడు. మరి చంద్రకాంత్‌కు ఏం కావాలి? ఏమీ వద్దు. ఏటా ఆయుధపూజ నాడు గేటు బయట కంపెనీ బండ్లకు పసుపూ కుంకుమా పెట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టి, మిఠాయి డబ్బాలు పంచుతూ మేనేజరు అందరి ముందూ "చంద్రకాంత్‌ను చూసి నేర్చుకోండయ్యా" అంటాడు. చంద్రకాంత్ తల దించుకుంటాడు. అది అణకువ అనుకుని మేనేజరు ఇంకా మురిసిపోతాడు. సొంత అన్న ముఖం చూడలేక పారిపోయి వచ్చే మనిషి దగ్గర నేర్చుకోవడానికి ఏముంటుందని పాపం ఆయనకు ఎవరు చెప్పాలి!

ఇదే చంద్రకాంత్ ఒకప్పుడు దసరా అంటే చెవి కోసుకునేవాడు. కంపెనీకి కూతవేటు దూరంలోనే వాళ్ళ ఊరు. ఊరి దర్జీ అన్నదమ్ములిద్దరికీ ఒకే తానులోంచి చొక్కాలు కుట్టేవాడు, పెరిగే పిల్లగాడని చంద్రకాంత్ చొక్కాను మోకాళ్ళ దాకా దింపేవాడు. పొద్దున్నే అన్న యాదగిరి తమ్ముణ్ణి భుజాల మీద ఎక్కించుకుని చెలక గట్టుకు పోయేవాడు, పాలపిట్టను చూపించడానికి. దసరా నాడు పాలపిట్ట కనబడితే ఏడాదంతా మంచి జరుగుతుంది కదా. "అదిగో, తుమ్మ మీద! సూసినవా తమ్మీ?" అని యాదగిరి వేలు చూపేవాడు. చంద్రకాంత్‌కు తుమ్మచెట్టు కనబడేది, ఆకాశం కనబడేది, పిట్ట మాత్రం కనబడేది కాదు. చూడలేదంటే అన్న చిన్నబోతాడేమోనని, ఇంకా గట్టిగా చెప్పాలంటే చూడని దద్దమ్మ అంటారేమోనని, "సూసిన, సూసిన" అని అరిచేవాడు. తర్వాత బడిలో దాని రంగులు కూడా వర్ణించి చెప్పాడు. పుస్తకంలో బొమ్మ ఉంది లెండి.

సాయంత్రం ఊరంతా జమ్మిచెట్టు దగ్గరికి. జమ్మాకు కోసుకుని పరుగే పరుగు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతిలో జమ్మి పెట్టి కాళ్ళు మొక్కాలి, పెద్దవాళ్ళు నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించాలి, ఆ తర్వాత గుండెకు హత్తుకుని అలయ్ బలయ్. చిన్నవాడే పెద్దవాడి దగ్గరికి పోవాలి, పెద్దవాడు రాడు. ఏ ఊళ్ళోనైనా అదే పద్ధతి. తండ్రి తొందరగా పోవడంతో ఆ ఇంట్లో మొదటి జమ్మి యాదగిరి చేతిలోకే పోయేది. మీసాలు కూడా సరిగా రాని యాదగిరి తండ్రి మంచం మీద ముసలాడిలా కూర్చుని, గొంతు సవరించుకుని, "మంచిగ సదువుకో బిడ్డా" అని తమ్ముణ్ణి దీవించేవాడు. తాను మాత్రం అప్పటికే బడి మానేశాడు.

కాస్త ఈడు వచ్చాక దసరా అంటే జమ్మి కాదు, కల్లు అయింది. దోస్తులు, మటన్, పేకాట. చీకటి పడే వేళకు యాదగిరి కల్లు కంపౌండు దాకా వచ్చి, "జమ్మి పెట్టి పోయి మల్ల తాగుర్రా" అని చెవి పట్టుకుని ఇంటికి లాక్కుపోయేవాడు. ఉద్యోగం వచ్చాక దసరా సెలవుల పట్టీలో ఎర్ర అంకె అయింది. ఆ అంకె ఆదివారం మీద పడిందా, ఇంక ఆ ఏడాదంతా మొగుడూ పెళ్ళాలకు ఏడుపే. పిల్ల పుట్టాక దసరా అంటే బట్టల దుకాణంలో కుర్చీ మీద కూర్చుని "బాగుంది, బాగుంది" అనడం అయింది. అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఎంత మారినా సాయంత్రానికి బండి తీసి ఊరికి పోయి అన్న చేతిలో జమ్మి పెట్టకుండా మాత్రం ఉండలేదు.

ఆ గేటు సంగతి వచ్చేదాకా.

పొలం ఇండస్ట్రీకి పోయాక యాదగిరి కొన్నాళ్ళు ఊరికే తిరిగాడు. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి, ఎవరో చెబితే సెక్యూరిటీ ఏజెన్సీలో చేరాడు. నీలం చొక్కా, టోపీ, బూట్లు ఇచ్చి ఆ ఏజెన్సీ వాళ్ళు ఎక్కడికి పంపాలి? అంత పెద్ద పారిశ్రామికవాడలో వాళ్ళకు చంద్రకాంత్ కంపెనీ గేటే దొరికింది. తమ్ముడికి చెప్పకుండా పోయి నవ్విద్దామనుకున్నాడు యాదగిరి. మొదటి రోజు పొద్దున తమ్ముడి చేతిలోంచి బ్యాగు తీసుకుని, జిప్పు తెరుస్తూ, అతని ముఖంలోకి చూసి నోరంతా తెరిచి నవ్వాడు. చంద్రకాంత్ వెనక అప్పుడే కొత్తగా చేరిన ఎబెనేజర్ ఉన్నాడు.

"తెలిసినాయననా సార్?" అన్నాడు ఎబెనేజర్.

ఇన్‌ఛార్జి అయి అప్పటికి నెల కూడా కాలేదు. తెల్లచొక్కా, మెడలో కార్డు. నాలిక ఏమనుకుందో ఏమో, "ఆఁ, మా ఊరాయన" అంది.

అది అబద్ధం కూడా కాదు. యాదగిరి ఆ ఊరివాడే. కానీ జిప్పు సగంలో ఆగింది, నవ్వు ఆగింది. జిప్పు మళ్ళీ కదిలింది గానీ నవ్వు మళ్ళీ రాలేదు. "ఓకే సార్. పోవచ్చు సార్" అన్నాడు యాదగిరి.

ఆ ఏడాది దసరాకు చంద్రకాంత్ జమ్మి పట్టుకుని ఎప్పటిలాగే ఊరికి పోయాడు. వాకిట్లో చుట్టాలంతా ఉన్నారు. తమ్ముణ్ణి చూడగానే యాదగిరి మంచం మీంచి లేచి, కాలు నేలకు కొట్టి సెల్యూట్ చేశాడు.

"నమస్తే సార్! మీరు మా అసుంటోళ్ళ కాళ్ళు మొక్కుడేంది సార్? నేను మీ ఊరాయన్ని."

పరాచికం అనుకుని చుట్టాలంతా పడీ పడీ నవ్వారు. యాదగిరి భార్య ఎంకమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వనిది ఇద్దరే. చంద్రకాంత్ జమ్మిని మంచం కోడు దగ్గర పెట్టి వెనక్కి తిరిగాడు. ఆ మరుసటి ఏటి నుంచే అతను సిన్సియర్ అయ్యాడు.

లోకంలో అలిగిన అన్నదమ్ములు ఒకరి నీడ ఒకరు తొక్కరు. వీళ్ళ అలక మాత్రం విచిత్రం. రోజూ పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ గేటు దగ్గర చంద్రకాంత్ రెండు చేతులూ చాపి నిలబడాలి, యాదగిరి అతని జేబులూ నడుమూ తడమాలి. రూలు. కాబట్టి మాటల్లేని ఆ అన్నదమ్ములు, కలిసి మెలిసి ఉండే అన్నదమ్ముల కంటే ఎక్కువగానే ఒకరికొకరు తగులుతూ వచ్చారు. జ్వరం వస్తే తమ్ముడి ఒళ్ళు కాలుతోందని యాదగిరి చేతికి తెలిసేది. అన్న చేతులు సన్నబడుతున్నాయని చంద్రకాంత్‌కు తెలిసేది. నోళ్ళు మాత్రం "ఓకే సార్" అనీ "ఊఁ" అనీ తప్ప ఇంకో ముక్క ఎరగవు. ఏటా శ్రీలత జమ్మి కొని తెచ్చి, "పోయి బావ కాళ్ళ మీద పడుండ్రి, పోయేదేంది?" అని జేబులో పెట్టేది. అతను దాన్ని బండి డిక్కీలో వేసేవాడు. అక్కడే ఎండి పొడి అయ్యేది.

ఈసారి దసరాకు ముందు, క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ ఎబెనేజర్ మాటల మధ్యలో అన్నాడు: "సార్, గేటు కాడ యాదగిరన్న ఈ నెల దాకనేనట. వయసు పైబడ్డోళ్ళను ఏజెన్సోళ్ళు తీసేస్తున్నరు."

 గేటు దగ్గర లేకపోతే అన్న ఇంకెక్కడ కనబడతాడు? ఏదో పెళ్ళిలోనో చావులోనో, పది మంది అవతల. ఆ రెండు చేతులు కూడా ఇంక తగలవు. ఇన్నేళ్ళూ తాను తప్పించుకు తిరుగుతున్నది జమ్మి ఒక్కదాన్నే, అన్నను కాదని చంద్రకాంత్‌కు అప్పుడు తెలిసింది. గ్లాసు అక్కడే పెట్టి నేరుగా మేనేజరు గదికి పోయాడు.

"సార్, ఈసారి దసరాకు జెర లీవు కావాలె."

మేనేజరు నవ్వాడు. మంచి జోకు విన్నట్టు చాలాసేపే నవ్వాడు. "నువ్వు లేని దసరానా చంద్రకాంత్? బ్యాచ్ నీ మీదే పెట్టుకున్నా. ఇంకెవర్ని నమ్మమంటావు?" అన్నాడు. ఇన్నేళ్ళ సిన్సియారిటీ ఊరికే పోతుందా మరి! చంద్రకాంత్ థాంక్యూ సార్ అని బయటికి వచ్చాడు. థాంక్యూ ఎందుకన్నాడో దేవుడికే తెలియాలి.

సరే, డ్యూటీ మధ్యాహ్నం నుంచి కదా, ఆలోపే ఊరికి పోయి వద్దామనుకున్నాడు. దసరా పొద్దున ఫోను తెరిస్తే చుట్టాల గ్రూపు నిండా పాలపిట్టలే. ఒకటే ఫోటోను అందరూ అందరికీ పంపుకుంటున్నారు. కూతురు మహిత దుప్పట్లోంచే, "డాడీ, నీకు కూడా పంపిన, సూస్కో, అయిపోతది" అంది. చూసుకున్నాడు, అయిపోయింది. బీరంగూడ గుడి ముందు జమ్మి రెమ్మ కొని, ఈసారి డిక్కీలో కాకుండా చొక్కా జేబులో పెట్టుకుని బండి తీశాడు. దారంతా మొదటి మాట ఏమనాలో తెగ సాధన చేశాడు. "అన్నా, మాఫ్ చెయ్" అంటే మరీ సినిమాలా ఉంది. "అన్నా, మంచిగున్నవా" అంటే, రోజూ తడిమి చూసేవాడికి ఆ మాత్రం తెలియదా అనిపించింది.

ఊళ్ళో వాకిలి ముందు ఎంకమ్మ మటన్‌కు మసాలా నూరుతోంది. మరిదిని చూసి చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయి లేచింది.

"పొద్దుగాల పొద్దుగాలనే జమ్మి ఏందయ్యా? మాపటికి గదా!"

"డ్యూటీ ఉంది వదినా. అన్న ఏడి?"

ఎంకమ్మ అతన్ని ఎగాదిగా చూసి తల కొట్టుకుంది. మసాలా అంతా నుదుటికి అయింది.

"మీ అన్నదమ్ములకు ఏం మాయరోగమయ్యా! ఆయన డ్యూటీకి పోయిండు. ఏటా పండుగ పూట ఈ మంచం మీద కూసుంటే వచ్చినోళ్ళందరు మీ తమ్ముడేడి, మీ తమ్ముడేడి అని అడుగుడే. ఈసారి నాతోని కాదన్నడు. అడిగి మరీ ఏపిచ్చుకున్నడు. నువ్వు ఇంటికి రావని ఆయన ఆడికి పాయె, నువ్వేమో ఈడికి వస్తివి."

అన్నకు ఎదురు పడకూడదని ఇన్నేళ్ళూ తమ్ముడు, తమ్ముడేడని అడిగేవాళ్ళకు ఎదురు పడకూడదని ఈసారి అన్న, ఏరి కోరి డ్యూటీ వేయించుకున్నారన్న మాట. ఊరు ఊరంతా పండగ చేసుకుంటుంటే, ఖాళీ కంపెనీలో ఒకే గేటు దగ్గర ఎదురెదురుగా నిలబడటానికి! చంద్రకాంత్‌కు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. "కూసో, చాయ్ తాగి పో" అని ఎంకమ్మ అంటూనే ఉంది, అతను బండి తిప్పేశాడు.

గేటు దగ్గరికి చేరేసరికి షిఫ్టు వేళ అయింది. మామిడాకులు, బంతిపూలు గేటుకు బయటి వైపే కట్టి ఉన్నాయి. లోపలికి పూవు గానీ ఆకు గానీ పోకూడదు, మందులు తయారయ్యే చోటు. ఉంగరం, గొలుసు, బీడీ, ఖైనీ ఏది దొరికినా అక్కడే ప్లాస్టిక్ ట్రేలో పెట్టి పోవాలని గోడ మీద పెద్ద బోర్డు. ఒడిశా కుర్రాళ్ళు ఇద్దరు ఖైనీ పొట్లాలు ట్రేలో వేసి లోపలికి పోయారు. చంద్రకాంత్ వంతు వచ్చింది. వెనక ఎబెనేజర్.

యాదగిరి ముఖం ఎత్తలేదు. బ్యాగు చూశాడు, జిప్పు వేశాడు. చంద్రకాంత్ చేతులు చాపాడు. ఒక చేతిలో మెటల్ డిటెక్టరు పట్టుకుని యాదగిరి రెండో చేత్తో నడుము తడిమాడు, ప్యాంటు జేబులు తడిమాడు, చొక్కా జేబు దగ్గరికి వచ్చి ఆగాడు. రెండు వేళ్ళు పెట్టి తీస్తే చిన్న రెమ్మ.

"ఏంది సార్ ఇది?"

"జమ్మి."

"ఆకులు లోపలికి పోవద్దు సార్. రూలు మీకు ఎరుకే గదా. ఆ ట్రేల పెట్టుండ్రి." రెమ్మను తమ్ముడి చేతిలో పెట్టాడు. ముఖం గోడలా ఉంది.

దారంతా సాధన చేసిన మాటల్లో ఒక్కటీ చంద్రకాంత్ నోటికి రాలేదు. "ట్రేల పెట్టెతందుకు తేలే" అన్నాడు.

"మరి?"

"మా అన్నకు తెచ్చిన."

యాదగిరి అప్పుడు తలెత్తాడు. "మీ అన్న ఎవరు సార్?"

వెనక ఎబెనేజర్ ఉన్నాడు. లోపలికి పోయిన ఒడిశా కుర్రాళ్ళు కూడా ఏదో జరుగుతోందని ఆగి చూస్తున్నారు. అప్పటిలాగే తెల్లచొక్కా, అప్పటిలాగే మెడలో కార్డు. చంద్రకాంత్ వెనక్కి తిరిగాడు.

"ఎబెనేజర్, ఈయన మా అన్న. నా సొంత అన్న. నన్ను సదివిచ్చినోడు. ఆ దినం నువ్వు అడిగితే మా ఊరాయన అంటిని. సిగ్గు లేక అంటిని."

ఇంత పెద్ద సంగతి చెప్పినందుకు ఎబెనేజర్ నోరెళ్ళబెడతాడనుకున్నాడు. ఎబెనేజర్ ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు.

"తెలుసు సార్. మీ ఇద్దరిది ఒకటే మొకం గదా! కంపెనీల అందరికి ఎరుకే. మీకే ఎరుక లేదేమో అనుకున్నం."

చంద్రకాంత్ ఇంక ఎవరి ముఖమూ చూడలేదు. రెమ్మను అన్న చేతిలో పెట్టి, వంగి, ఆ నల్ల బూట్లను పట్టుకున్నాడు. లేవబుద్ధి కాలేదు. యాదగిరి రెమ్మనూ డిటెక్టరునూ ఒకే చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత నెత్తి మీద చెయ్యి పడింది. "మంచిగ..." అని మొదలుపెట్టాడు గానీ చదువుకో అనే ఈడు కాదు కదా, మాట దొరకలేదు. భుజాలు పట్టి లేపి గుండెకు అదుముకున్నాడు. చేతిలో డిటెక్టరు అలాగే ఉండిపోయింది, చంద్రకాంత్ బెల్టుకు తగిలి కీకీమని ఒకటే అరుపు. ఎవరూ దాన్ని ఆపలేదు.

విడిచాక యాదగిరి టోపీ తీసి రెమ్మను లోపల పెట్టి, మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా అందులోనే అయిపోయింది.

"పాలపిట్టను సూసినవారా?" అన్నాడు.

ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆ 'రా' విన్నాడు చంద్రకాంత్. సూసిన అనబోయాడు. ఫోన్‌లో చూశాడు కూడా. కానీ ఒకసారి నిజం చెప్పిన నోరు, ఆగలేదు.

"సూడలే అన్నా. ఎన్నడు సూడలే. చిన్నప్పుడు నువ్వు సూపిచ్చినప్పుడు గూడ సూడలే. ఉత్తగనే సూసిన అంటిని."

యాదగిరి అతని వంక వింతగా చూశాడు. మొదటి రోజు గేటు దగ్గర ఆగిపోయిన నవ్వు మెల్లగా మళ్ళీ ముఖమంతా పాకింది.

"నేను గూడ ఎన్నడు సూడలేదురా. పిట్ట ఏడి అని భుజాలెక్కి నువ్వు ఏడుస్తుంటివి, ఇగ నేనే అదిగో అంటిని" అని, "నడువు, షిఫ్టు టైమైతుంది" అంటూ బ్యాగు తీసి తానే తమ్ముడి భుజానికి తగిలించాడు.